దూరం ఒక్కటే, ప్రయాణ సమయాలు రెండు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రికలో విదేశీ ప్రయాణాల గురించి వచ్చిన పేజీ అడుగున చిన్న పెట్టె కట్టి, కొన్ని ఆసియా నగరాల మధ్య దూరాలూ విమాన ప్రయాణ సమయాలూ ఇచ్చారు. అందులో ‘ఢిల్లీ–టోక్యో: దూరం 5,850 కిలోమీటర్లు, ప్రయాణ సమయం ఆరున్నర గంటలు’ అని ఒక పంక్తి ఉంది. దూరం విషయంలో నాకు పేచీ లేదు. సమయం మాత్రం వెళ్లేటప్పటికీ సరిపోదు, తిరిగి వచ్చేటప్పటికి అసలే సరిపోదు. ఒక్క అంకె కోసం ఇంత ఉత్తరమా అని ఎవరైనా అనుకోవచ్చు గానీ, ఆ పంక్తిని కత్తిరించి పర్సులో పెట్టుకుని ప్రయాణం చేసిన కుటుంబం మాది. దానివల్ల ఏం జరిగిందో, ఆ అంకె ఎందుకు తప్పో, ఎలా ప్రచురిస్తే చదివినవారికి నిజంగా పనికొస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ల పాటు బడిలో భూగోళశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి ఈ విషయం మీద కొంత అధికారంతో, అంతకన్నా ఎక్కువ బాధతో రాస్తున్నానని మనవి.

మొన్న జనవరిలో నేనూ నా భార్యా టోక్యోలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లి వచ్చాం. ఢిల్లీ నుంచి నేరుగా వెళ్లే విమానం. టికెట్టు మీద ఢిల్లీలో బయలుదేరేది రాత్రి 8.30కి, టోక్యో చేరేది మర్నాడు ఉదయం 7.30కి అని ఉంది. తిరుగు ప్రయాణంలో టోక్యోలో బయలుదేరేది ఉదయం 11.30కి, ఢిల్లీ చేరేది అదే రోజు సాయంత్రం 5.30కి. టికెట్టు మీది వేళలను తీసివేత చేస్తే వెళ్లడానికి పదకొండు గంటలు, రావడానికి ఆరు గంటలు అని వస్తుంది. నిజానికి మేము విమానంలో గడిపింది వెళ్లేటప్పుడు ఏడున్నర గంటలు, వచ్చేటప్పుడు తొమ్మిదిన్నర గంటలు. కాగితం మీద ఎక్కువగా కనబడేదే తక్కువ సేపు పట్టింది, తక్కువగా కనబడేదే ఎక్కువ సేపు పట్టింది.

ఇందులో ఉన్న చిక్కు చూడండి. తిరుగు ప్రయాణానికి టికెట్టు మీది లెక్క ఆరు గంటలు, మీ పెట్టెలోని లెక్క ఆరున్నర గంటలు. రెండూ ఇంచుమించు ఒకటే చెబుతున్నాయి. రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు అంకెలు ఒకదాన్నొకటి బలపరుస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మాకూ రాలేదు. రెండూ వేర్వేరు కారణాల వల్ల తప్పై, యాదృచ్ఛికంగా ఒకే చోటికి చేరాయని ఆ రోజు మాకు తట్టలేదు.

నా భార్యకు చాలా ఏళ్లుగా మధుమేహం. ఉదయం టిఫినుకు ముందూ రాత్రి భోజనానికి ముందూ ఇన్సులిన్ తీసుకుంటుంది. తిరిగి వచ్చే రోజు అలవాటు ప్రకారం ఉదయం ఏడింటికి సూది వేసుకుని, టిఫిను తిని బయలుదేరింది. విమానం లేచాక ఒంటి గంట ప్రాంతంలో ఇచ్చిన భోజనం ఆవిడకు సయించక సగం వదిలేసింది. మరో నాలుగైదు గంటల్లో దిగిపోతాం కదా, దిగాక ఇంటి భోజనమే చేద్దామని సర్దుకుంది. దారిలో తినడానికి మా అమ్మాయి కట్టి ఇచ్చిన రొట్టెలూ బిస్కెట్లూ కింద సామానులోకి వెళ్లిపోయిన పెద్ద పెట్టెలో ఉన్నాయి. ఆరు గంటల ప్రయాణానికి ఇవెందుకని నేనే వాటిని చేతిసంచిలోంచి తీసి పెట్టెలో పెట్టాను.

ఆవిడ చేతి గడియారం ఇంకా టోక్యో వేళనే చూపిస్తోంది. మా లెక్క ప్రకారం సాయంత్రం ఆరింటికల్లా దిగి ఉండాలి. ఆరూ నలభై ఐదు అయ్యేసరికి ఆవిడ నుదుటి మీద చెమటలు పట్టాయి, చేతులు వణకడం మొదలుపెట్టాయి, అడిగినదానికి మాట తడబడుతోంది. షుగర్ పడిపోతోందని అర్థమై పైనున్న బొత్తాం నొక్కాను. విమాన సిబ్బందిలో ఒక అమ్మాయి పరుగున వచ్చి నారింజ రసం రెండు గ్లాసులు తాగించి, ఆవిడ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, తేరుకునేదాకా కదలలేదు. ఆ అమ్మాయికి మేము రుణపడి ఉన్నాం. ఆవిడ కుదుటపడ్డాక నేను ఎదుటి సీటు వీపుకున్న తెర వంక చూశాను. విమానం నేల మీద సాగుతున్న వేగం గంటకు 742 కిలోమీటర్లు అనీ, ఎదురుగాలి 160 అనీ, ఢిల్లీ చేరడానికి ఇంకా రెండు గంటల పైచిలుకు ఉందనీ అందులో ఉంది. వెళ్లేటప్పుడు అదే తెర మీద తూర్పు చైనా దాటుతుండగా 1,090 అన్న అంకె చూసి అబ్బురపడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠం, అవసరమైన రోజున నాకు గుర్తు రాలేదు.

తప్పంతా మీ పెట్టెదే అనడం లేదు. కాలమానాల తేడాను సరిచూసుకోవలసింది నేను. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి, జపాన్ ప్రామాణిక కాలం అకాషి పట్టణం మీదుగా పోయే 135 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. మధ్య తేడా 52½ డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 210 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు జపాన్ మనకన్నా ముందు. వేసవిలో గడియారాలను ముందుకు జరిపే పద్ధతి అటు జపాన్‌లోనూ లేదు, ఇటు మనకూ లేదు కాబట్టి ఈ తేడా ఏడాది పొడుగునా మారదు. వెళ్లేటప్పుడు టికెట్టు లెక్కలోంచి మూడున్నర తీసేయాలి, వచ్చేటప్పుడు మూడున్నర కలపాలి. ఏడో తరగతి పిల్లవాడు చేయగలిగిన లెక్క ఇది. అయితే ప్రయాణం హడావుడిలో ఉన్నవారు ఈ లెక్క చేసుకోరనే కదా పత్రికలు ఇలాంటి పెట్టెలు కట్టి ఇచ్చేది. ఆ సాయం చేయబూనినప్పుడు అంకె నమ్మదగినదై ఉండాలి.

మీ ఆరున్నర గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. పెద్ద జెట్ విమానం ఎత్తుకు చేరాక గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. 5,850ని 900తో భాగిస్తే సరిగ్గా ఆరున్నర వస్తుంది. ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ల పేర్లు ఇస్తే దూరం, సమయం చెప్పే సైట్లలో చాలావాటి పని ఈ భాగహారమే. విమానం ఆ దూరాన్ని గీత గీసినట్టు ఎగురుతుందనీ, నేల విడిచిన క్షణం నుంచీ నేల తాకే క్షణం దాకా ఒకే వేగంతో పోతుందనీ, గాలి కదలకుండా నిలబడి ఉంటుందనీ అనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. ఢిల్లీ–టోక్యో దారిలో ఈ మూడూ నిజం కావు. మూడోది అన్నిటికన్నా పెద్ద అబద్ధం.

మొదట దారి సంగతి చెబుతాను. తరగతిలో నేను గోళం మీద దారం పెట్టి ఈ పాఠం చెప్పేవాణ్ణి. గోడ మీది పటంలో ఢిల్లీనీ టోక్యోనూ స్కేలుతో కలిపితే గీత ఈశాన్యంగా నెమ్మదిగా పైకి ఎక్కుతూ టోక్యో దగ్గర ఆగుతుంది. ఎక్కడా టోక్యో అక్షాంశాన్ని దాటదు. అదే గోళం మీద రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే దారి మారిపోతుంది. ఢిల్లీ నుంచి నేరుగా హిమాలయాల మీదికి ఎక్కి, టిబెట్ పీఠభూమిని ఐమూలగా దాటి, షియాన్ నగరానికి ఉత్తరంగా పోయి, చైనా తూర్పు తీరంలోని షాన్‌డాంగ్ దగ్గర 37 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తాకి, దక్షిణ కొరియా మీదుగా జపాన్ సముద్రాన్ని దాటి, కిందికి వంగి టోక్యో చేరుతుంది. టోక్యో 35½ డిగ్రీల దగ్గర ఉంది. అంటే దారం గమ్యం కన్నా ఉత్తరానికి వెళ్లి మళ్లీ దిగివస్తుంది. భూగోళశాస్త్రంలో దీన్ని మహావృత్త మార్గం అంటారు. గుండ్రని భూమి మీద రెండు చోట్ల మధ్య అతి తక్కువ దూరం ఇదే. మీరు వేసిన 5,850 కిలోమీటర్లు ఈ దారం పొడవు. అందుకే దూరంతో నాకు పేచీ లేదన్నాను.

కానీ ప్రయాణికుల విమానాలు మామూలుగా ఆ దారం వెంట పోవు. కారణం టిబెట్. ఆ పీఠభూమి సగటు ఎత్తే సముద్ర మట్టానికి 4,500 మీటర్లు. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి అది అడ్డమా అని పిల్లలు అడిగేవారు. విమానం బాగున్నంతసేపూ అడ్డం కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం హఠాత్తుగా పోతే పైలట్ విమానాన్ని వెంటనే మూడు వేల మీటర్ల దాకా దించాలి, ఎందుకంటే పైనుంచి వేలాడే మాస్కుల్లో ప్రయాణికులకు అందే ప్రాణవాయువు చాలా విమానాల్లో పదిహేను నిమిషాలు అటూ ఇటూగా మాత్రమే వస్తుంది. నాలుగున్నర వేల మీటర్ల నేల మీద మూడు వేల మీటర్లకు ఎలా దిగుతారు? ఒక ఇంజిను ఆగిపోయినా అంతే. మిగిలిన ఇంజినుతో విమానం మెల్లగా ఎత్తు కోల్పోతుంది, కింద శిఖరాలు ఉంటాయి, అత్యవసరంగా దిగడానికి దగ్గరలో అనువైన విమానాశ్రయాలు తక్కువ. ప్రత్యేక ఏర్పాట్లతో నడిచే కొన్ని దారులు తప్ప మిగతా విమానాలు ఆ ప్రాంతాన్ని చుట్టి పోవడానికి కారణం ఇదే. మా విమానం కూడా ఢిల్లీ నుంచి హిమాలయాలను ఎడమ చేతి వైపు వదిలి, తూర్పుగా సాగి, బంగ్లాదేశ్, మయన్మార్ల మీదుగా చైనాలోని యున్నాన్‌లోకి ప్రవేశించి, అక్కడి నుంచి ఈశాన్యానికి తిరిగింది. ఈ చుట్టుదారి వల్ల దారం పొడవుకు కొన్ని వందల కిలోమీటర్లు తోడవుతాయి. ముందు చేయబోయే లెక్క కోసం ఎగిరిన దూరం 6,300 కిలోమీటర్లు అనుకుందాం.

ఇక గాలి. ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకునేది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను, మన్నించండి. నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు నదిలాగా సన్నగా, వేగంగా పారే గాలి ఒకటి ఉంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. దాన్ని మొట్టమొదట పద్ధతిగా కొలిచింది జపాన్‌లోనే. టోక్యోకు ఈశాన్యంగా ఉన్న తతెనో వాతావరణ పరిశోధనశాల అధిపతి వాసబురో ఓయిషి 1923–25 మధ్య 1,288 సార్లు బెలూన్లను వదిలి, అవి కొట్టుకుపోయే తీరును దుర్భిణితో వెంబడించి, చలికాలంలో పైన గాలి ఊహకందని వేగంతో తూర్పుకు పోతోందని గుర్తించాడు. ఆ ఫలితాలను ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో ఎస్పెరాంటో అనే అంతర్జాతీయ భాషలో ప్రచురించాడు. ఆ భాష తెలిసినవారు తక్కువ కావడంతో ఆ నివేదికను బయటి ప్రపంచం దాదాపు పట్టించుకోలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

పట్టించుకోనందువల్ల ఏమైందో 1944 నవంబరు 24న తెలిసింది. పసిఫిక్ మహాసముద్రంలోని మెరియానా దీవుల నుంచి టోక్యో మీద బాంబులు వేయడానికి వచ్చిన అమెరికా బీ–29 విమానాలు, తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తులో గంటకు రెండు వందల కిలోమీటర్లకు మించిన గాలిలో చిక్కుకున్నాయి. వెనకనుంచి తోస్తున్న ఆ గాలి వేగానికి చాలా బాంబులు గురి తప్పాయి. ఎనిమిదేళ్ల తర్వాత, 1952 నవంబరులో, పాన్ అమెరికన్ విమాన సంస్థ పైలట్లు అదే గాలిని ప్రయాణానికి వాడుకుని టోక్యో నుంచి హవాయి దీవుల్లోని హొనలూలుకు వెళ్లారు. అంతకుముందు పద్దెనిమిది గంటలు పట్టే ప్రయాణం పదకొండున్నర గంటల్లో ముగిసింది. అప్పటి నుంచి విమాన సంస్థలు ప్రతిరోజూ ఆ గాలి ఎక్కడుందో చూసుకుని దారి వేసుకుంటున్నాయి: తూర్పుకు పోయే విమానం దానిలోకి చేరడానికి, పడమరకు పోయే విమానం దాన్ని తప్పించుకోవడానికి.

ఆ గాలి భూమి చుట్టూ ఉన్నా, అన్ని చోట్లా ఒకే బలంతో ఉండదు. అత్యంత బలంగా వీచే చోట్లలో జపాన్ మీది ఆకాశం ఒకటి. సైబీరియా నుంచి దిగివచ్చే గడ్డకట్టే చలిగాలికీ పడమటి పసిఫిక్ మీది వెచ్చని గాలికీ మధ్య తేడా చలికాలంలో అక్కడ అంత ఎక్కువ. ఆ తేడా ఎంత ఎక్కువైతే పైన గాలి అంత వేగంగా పారుతుంది. దానికి తోడు హిమాలయాలకు దక్షిణంగా వచ్చే జెట్ స్ట్రీమూ ఉత్తరాన ఉండే మరో జెట్ స్ట్రీమూ తూర్పు ఆసియా మీద ఒకదానికొకటి బాగా దగ్గరవుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ గాలి గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటడం అరుదు కాదు. వేసవిలో అదే గాలి బలం తగ్గి ఉత్తరానికి జరుగుతుంది. అందుకే ఒకే విమాన సంస్థ, ఒకే విమానం, ఒకే దారి అయినా చలికాలపు టైమ్ టేబుల్‌లోనూ వేసవి టైమ్ టేబుల్‌లోనూ వేళలు వేరుగా ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. గాలిలో విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు, ఎగరాల్సిన దూరం 6,300. గాలి లేకపోతే ఒక్కో వైపు ఏడేసి గంటలు, రానూ పోనూ పద్నాలుగు. దారి పొడుగునా సగటున గంటకు 150 కిలోమీటర్ల పడమటి గాలి ఉందనుకుందాం. వెళ్లేటప్పుడు వేగం 1,050 అవుతుంది, ఆరు గంటల్లో చేరతాం. వచ్చేటప్పుడు 750 అవుతుంది, ఎనిమిది గంటల ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. వెళ్లేటప్పుడు గంట కలిసొచ్చింది, వచ్చేటప్పుడు గంటా ఇరవై నాలుగు నిమిషాలు పోయింది. వెళ్లేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోయేదానికి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు, వెనకగాలి విమానంతో తక్కువ సేపు ఉంటుంది, ఎదురుగాలి ఎక్కువ సేపు ఉంటుంది, కాబట్టి రానూ పోనూ కలిపితే ఎప్పుడూ నష్టమే మిగులుతుంది. ఇలాంటి దారికి రెండు వైపులకూ కలిపి ఒకే ‘సగటు సమయం’ వేయడం కూడా సరైన పని కాదని నేననేది ఇందుకే. ఆ సగటు సమయంలో ఏ ప్రయాణికుడూ ప్రయాణం చేయడు.

ఇక్కడ ఒక అపోహను కూడా ప్రస్తావించాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమరకు వచ్చే విమానానికి ఊరు తానే ఎదురొస్తుందనీ, అందుకే తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుందనీ చదువుకున్నవారు కూడా చెప్పగా విన్నాను. భూమితో పాటే దాని మీది గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఎగిరే విమానమూ తిరుగుతోంది. కదులుతున్న రైలు పెట్టెలో ముందుకు నడిచినా వెనక్కు నడిచినా పది అడుగులకు పట్టే సమయం ఒకటే కదా, ఇదీ అంతే. జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకే వీయడానికి భూభ్రమణం ఒక కారణమన్నది నిజం. ఆ మేరకు భూమి తిరగడం వల్ల పడమరకు వచ్చే ప్రయాణం ఆలస్యమవుతుందే తప్ప త్వరగా కాదు.

ఆకాశంలో గడిపే సమయానికి నేల మీద గడిపేది కలపాలి. టైమ్ టేబుల్‌లో బయలుదేరే వేళ అంటే విమానం గేటు నుంచి కదిలే వేళ. చేరే వేళ అంటే అవతలి విమానాశ్రయంలో గేటు దగ్గర ఆగే వేళ. ఈ రెండింటి మధ్య కాలాన్ని విమానయానంలో బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పోవడం, వరుసలో ఆగడం, ఎత్తుకు ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించుకుని తన వంతు కోసం తిరగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం, ఇవన్నీ కలిసి పై లెక్కకు గంట చేరుస్తాయి. ఆరుకు గంట కలిపితే ఏడు, ఎనిమిది గంటల ఇరవై నాలుగు నిమిషాలకు గంట కలిపితే దాదాపు తొమ్మిదిన్నర. మా ప్రయాణం ఏడున్నర, తొమ్మిదిన్నర. అంచనా లెక్క కాబట్టి అరగంట తేడా సహజం, కానీ మీ పెట్టె చెప్పిన ఆరున్నరకు ఇది ఎంత దూరమో చూడండి.

టోక్యో అన్న పేరు వెనక రెండు విమానాశ్రయాలు ఉన్నాయన్నది కూడా పాఠకులకు చెప్పాలి. హనేదా నగరం అంచునే, సముద్రం ఒడ్డున ఉంది. 1978లో తెరిచిన నరితా పక్కనే ఉన్న చిబా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగంలో), నగరం నడిబొడ్డు నుంచి అరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 2010లో హనేదాలో కొత్త అంతర్జాతీయ టెర్మినల్ తెరిచిన తర్వాత బయటి దేశాల విమానాలు అక్కడికీ ఎక్కువగా వస్తున్నాయి. ఆకాశంలో ఈ రెండింటికీ మధ్య తేడా లెక్కలోకి రాదు, దిగాక మాత్రం గంట తేడా వస్తుంది. వయసు మళ్లినవారికి ఆ గంట చిన్నదేమీ కాదు.

మైళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. మామూలు మైలు సుమారు 1,609 మీటర్లు. ఢిల్లీ–టోక్యో 5,850 కిలోమీటర్లంటే నాటికల్ మైళ్లలో సుమారు 3,160, మామూలు మైళ్లలో సుమారు 3,635. ఎక్కడో 3,160 అని చూసి దాన్ని మామూలు మైళ్లుగా లెక్కగట్టి కిలోమీటర్లలోకి మారిస్తే 5,085 వస్తుంది. ఏడు వందల కిలోమీటర్లకు పైగా దారిలో మాయమైపోతాయి. మీ పెట్టెలో ఢిల్లీ–టోక్యో పంక్తిలో ఈ పొరపాటు లేదు. మిగతా పంక్తులను కూడా ఒకసారి సరిచూడమని మనవి.

దేశాల మధ్య సంబంధాలు కూడా ఈ అంకెలను మారుస్తాయి. 2019 ఫిబ్రవరి నుంచి జూలై దాకా, మళ్లీ 2025 ఏప్రిల్ నుంచి, పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది. నగరాల మధ్య దూరం అంగుళం కూడా మారలేదు, ప్రయాణ సమయం మారింది. టోక్యో దారికి ఆ ఇబ్బంది రాలేదు గానీ, మీ పెట్టెలోని మరికొన్ని పంక్తులకు ఇది వర్తిస్తుంది.

వీటన్నిటినీ ఒక చిన్న పెట్టెలో పట్టించడం సాధ్యమా అని మీరు అడగవచ్చు. అన్నీ అవసరం లేదు. జెట్ స్ట్రీమ్ గురించి ప్రతిసారీ రాయనక్కర్లేదు. వేయవలసిన అంకెలను భాగహారం చేసి కాకుండా విమాన సంస్థలు ప్రకటించే టైమ్ టేబుల్ నుంచి తీసుకుని, కాలమానాల తేడాను సవరించి, వెళ్లడానికీ రావడానికీ విడివిడిగా వేస్తే చాలు. కాలమానం తేడా ఎంతో, ఏ దేశం ముందో ఒక్క ముక్కలో చెప్పాలి. ఆ వేళలు చలికాలానివో వేసవివో నెల పేరుతో తెలపాలి. ఒక్క పంక్తి రెండు పంక్తులవుతుంది, అంతే కదా.

పెట్టెను సరిచేసి మళ్లీ ప్రచురించే ఉద్దేశం ఉంటే ఢిల్లీ–టోక్యోకు ఈ మాటలు వాడుకోవచ్చు: ‘ఢిల్లీ–టోక్యో: మహావృత్త దూరం సుమారు 5,850 కిలోమీటర్లు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. చలికాలంలో నేరుగా వెళ్లే విమానంలో గేటు నుంచి గేటుకు వెళ్లడానికి సుమారు ఏడున్నర గంటలు, రావడానికి సుమారు తొమ్మిదిన్నర గంటలు. ఇన్సులిన్ లేదా వేళకు వేసుకోవలసిన మందులు వాడేవారు టికెట్టు మీది వేళలను కాక ఈ గంటలను డాక్టరుకు చెప్పి సలహా తీసుకోవాలి; మందులూ తినుబండారాలూ చేతిసంచిలోనే ఉంచుకోవాలి.’ చివరి వాక్యం పెట్టెకు పొడవవుతుందనిపిస్తే మిగతా ఏ అంకెనైనా తగ్గించండి గానీ దాన్ని తీసేయవద్దని కోరుతున్నాను.

వచ్చే డిసెంబరులో మేము మళ్లీ టోక్యో వెళ్తున్నాం. నా భార్య పర్సులో ఉన్న పాత కత్తిరింపు తీసేసి, ఒక కాగితం మీద రెండు అంకెలు నా చేత్తో రాసి పెట్టాను. ఆ చోట మీ పత్రికలో అచ్చయిన పంక్తే పెట్టుకునే అవకాశం ఆలోగా ఇస్తారని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు